అతుకు కనిపించని పన్నెండు అక్షరాలు

ఇంగ్లీషులో పొడవాటి మాటల ప్రస్తావన వస్తే చాలామంది లెటర్లు లెక్కపెట్టడం మొదలుపెడతారు. ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్ అనే మాటకు ఆ లెక్కే అన్యాయం చేసింది. 29 లెటర్లట అని ఆశ్చర్యపోయి, నవ్వుకుని, పక్కన పెట్టేస్తారు. ఒక వస్తువునో, మనిషినో, ఆలోచననో పూచికపుల్ల పాటి చెయ్యదని తీసిపారెయ్యడం దాని అర్థం. ఇంత బారు మాట అంత తేలిక పనిని చెప్పడంలో హాస్యం ఉంది, నిజమే. కానీ ఆ హాస్యం దాటి దగ్గరికి వెళ్లి చూస్తే, దాన్ని చేసిన వాడి చెయ్యి కనిపిస్తుంది. చేసింది ఎవరో మాత్రం గట్టిగా చెప్పలేం.

ముడిసరుకు దొరికిన చోటు తెలుసు. సెయింట్ పాల్స్ పాఠశాల తొలి ప్రధానోపాధ్యాయుడు విలియం లిలీ పేరు మీద నడిచిన లాటిన్ వ్యాకరణంలో ఒక సూత్రం ఉంది. తర్వాతి కాలంలో ఈటన్ పాఠశాల వ్యాకరణం ద్వారా అది తరతరాల పిల్లల నోళ్లలో నానింది. ఒకదాన్ని లెక్కచెయ్యడం లేదని చెప్పడానికి ఫ్లొక్కి, నౌకి, నిహిలి, పిలి, అస్సిస్, హూయుస్, తెరుంకీ అనే మాటల్ని ఎంచడం, తూచడం, చెయ్యడం అనే అర్థాలున్న మూడు క్రియలతో కలిపి వాడాలన్నది ఆ సూత్రం సారం. మన పిల్లలు విభక్తి ప్రత్యయాలు వల్లెవేసినట్టే వాళ్లూ దాన్ని వల్లెవేశారు. అర్థం తెలిసినా తెలియకపోయినా లయ మిగిలిపోయే రకం పాఠం అది. ఆ ఏడింటిలో మొదటి నాలుగు తీసుకుని, ‘చెయ్యడం’ అనే క్రియను తోకగా తగిలిస్తే మాట తయారు.

దొరికినంతలో తొలి ఆధారం 1741 నాటి ఒక ఉత్తరం. రాసినవాడు విలియం షెన్‌స్టన్ అనే కవి. ఒకాయన గురించి చెబుతూ, డబ్బును ఆయన ఖాతరు చెయ్యకపోవడమే తనకు అన్నిటికన్నా నచ్చిందని రాసి, ఆ ఖాతరు చెయ్యకపోవడానికి ఈ మాట వాడాడు. షెన్‌స్టన్‌కి ఆ మాట ఉత్తినే తట్టలేదనిపిస్తుంది. బర్మింగ్‌హామ్ దగ్గర హేల్జోవెన్‌లో లీజోస్ అనే తన పొలాన్ని తోటగా మలచడానికి తాహతుకు మించి ఖర్చుపెట్టిన మనిషి ఆయన. ఉత్తరంలో ఈ మాటను ముక్కల మధ్య అడ్డగీతలు పెట్టి రాశాడు, అతుకులు కనబడేలా. తర్వాత రాసినవాళ్లు గీతలు తీసేశారు. మాట విరిగిపోలేదు. అదే దీని తొలి పరీక్ష అనుకోవచ్చు.

ఇప్పుడు ముక్కలు. ఫ్లొక్కుస్ అంటే ఊలుపోచ. గొర్రె ఒంటి నుంచి ఊడి గాలికి కొట్టుకుపోయే పీచు. ఈ మాట ఇంగ్లీషులో ఇంకా బతికే ఉంది. నీళ్ల శుద్ధి కేంద్రాల్లో పటిక కలిపినప్పుడు మురికి పోచలు పోచలుగా కట్టుకునే ప్రక్రియను ఫ్లాక్యులేషన్ అంటారు. దూదిపింజల్లా విడివిడిగా తేలే ఒక రకం మబ్బుకు వాతావరణ శాస్త్రజ్ఞులు ఫ్లాకస్ అనే పేరే పెట్టారు.

రెండోది నౌకుం. దీని అర్థం రోమన్లకే సరిగా తెలియదు. పాత మాటల అర్థాలు కూర్చిన ఫెస్టస్ దగ్గర అభిప్రాయాల చిన్న కుప్పే ఉంది. కాయ పెంకు అని ఒకరు, ఆలివ్ పండు లోపలి గింజ అని ఒకరు, అక్రోటు పప్పును రెండుగా విడదీసే పొర అని మరొకరు. ఏదైతేనేం, తిన్నాక ఊసేసేదే. విలువ లేనిదానికి పెట్టిన పేరు మీద ఇంతమంది పండితులు విలువైన కాలం వెచ్చించడం చూస్తే ముచ్చటేస్తుంది.

మూడోది నిహిల్, అంటే శూన్యం. నిహిలిజంలో ఉన్నది ఇదే. కానీ ఈ శూన్యం కూడా ఒక వస్తువు నుంచే పుట్టిందని పాతవాళ్ల మాట. లేదనే అర్థమున్న ‘నే’, దాని పక్కన ‘హీలుం’ కలిస్తే నిహిల్. హీలుం అంటే చిక్కుడు గింజకు అంటుకుని ఉండే చిన్న మచ్చ అని ఫెస్టస్ నమోదు చేశాడు. వృక్షశాస్త్రంలో గింజ కాయకు అంటిన చోటు మిగిలే మచ్చను ఇప్పటికీ హైలం అనే అంటారు. అలసంద గింజ నల్లకన్ను మధ్యలో తెల్లగా కనిపించేది అదే. ఆ పాటి కూడా లేదంటే ఇక ఏమీ లేదనే.

నాలుగోది పిలుస్, వెంట్రుక. గొంగళిపురుగుకు ఇంగ్లీషులో ఉన్న క్యాటర్‌పిల్లర్ అనే పేరులోనూ ఈ వెంట్రుక ఉంది. బొచ్చుపిల్లి అనే పాత ఫ్రెంచి మాట అరిగి అరిగి అలా అయింది.

నాలుగూ చేత్తో పట్టుకోగలిగినవి, ఊదితే పోయేవి. ఈ ఎంపికే నాకు మొదట నచ్చింది. అలక్ష్యం అనే కంటికి కనిపించని భావాన్ని చెప్పడానికి ఒక్క నైరూప్యమైన ముక్క కూడా వాడలేదు. శూన్యం సైతం గింజ మీది మచ్చగానే వచ్చింది.

నాలుగు మాటలూ లాటిన్‌లో షష్ఠీ విభక్తిలో ఉన్నాయి. ఒకదాని విలువ ఇంత అని చెప్పడానికి లాటిన్ షష్ఠిని వాడుతుంది. ఫ్లొక్కి ఫకెరె అంటే ఊలుపోచ విలువ కట్టడం. రోమన్ రచయిత ప్లాటస్ నాటకాల్లో పాత్రలు ఈ మాట తరచూ విసురుకుంటాయి. రోమన్ల ఏలుబడిలోని బిథినియాలో గవర్నరు తన పరివారాన్ని వెంట్రుక కింద కూడా జమకట్టలేదని రోమన్ కవి కటుల్లస్ ఒక కవితలో వాపోయాడు. ఇందులో ఒక తమాషా ఉంది. ఊలుపోచ విలువ కట్టాడన్నా, ఊలుపోచ విలువ కూడా కట్టలేదన్నా అర్థం ఒకటే. గడ్డిపోచలా చూశాడు, గడ్డిపోచ పాటి చెయ్యలేదు అని మనం రెండు రకాలుగా అని ఒకటే అర్థం చేసుకోవడం లేదూ?

గడ్డిపోచ మాట వచ్చింది కాబట్టి పాణిని దగ్గరికి ఒక్కసారి వెళ్లక తప్పదు. అష్టాధ్యాయి రెండో అధ్యాయం మూడో పాదంలో, తలచడం అనే ధాతువుతో అనాదరం చెప్పేటప్పుడు కర్మకు చతుర్థీ విభక్తి కూడా రావచ్చునని ఒక సూత్రం ఉంది. దానికి వ్యాఖ్యాతలు ఇచ్చే ఉదాహరణ, నిన్ను గడ్డిపరక కిందనైనా తలచనని. లాటిన్ వైయాకరణులు తిరస్కారానికి షష్ఠి కేటాయించారు, మనవాళ్లు చతుర్థి. రెండు చోట్లా వ్యాకరణం మనుషుల అహంకారానికి ప్రత్యేకంగా ఒక సూత్రం రాసిపెట్టింది. అంతకన్నా దగ్గరి చుట్టం మనం రోజూ వాడే తృణీకరణం. తృణం అంటే గడ్డిపరక, కరణం అంటే చెయ్యడం, మధ్యలో ‘ఈ’. సంస్కృతంలో ఆ ‘ఈ’ చ్వి ప్రత్యయం వల్ల వచ్చింది, కానిదాన్ని అలా చెయ్యడమనే అర్థంలో. లాటిన్ మాటలోని ‘ఇ’ షష్ఠీ ప్రత్యయం. పుట్టుక వేరు, కూర్చున్న చోటు ఒకటే. తృణీకరణం ఒక గడ్డిపరకతో ఊరుకుంది. బడిపాఠంలోంచి వచ్చిన మాట నాలుగు పరకలు పోగేసింది.

అతికిన తీరు చూద్దాం. ఫికేషన్ అనే తోక ఫకెరె అనే క్రియ నుంచే వచ్చింది, అంటే చెయ్యడం. సూత్రంలోని మూడు క్రియల్లో ఒకటి ఇదే. కాబట్టి ఈ మాట ఏవో ఐదు ముక్కల్ని పక్కపక్కన పేర్చింది కాదు. ఒక లాటిన్ పదబంధం మొత్తాన్ని, నామం నుంచి క్రియ దాకా, వరస చెడకుండా ఒకే మాటగా గడ్డకట్టించారు. పైగా ఈ తోకకు ఒక అలవాటుంది. క్లాసిఫికేషన్, ప్యూరిఫికేషన్, నోటిఫికేషన్ చూడండి, ఫి ముందు ఎప్పుడూ ఒక ‘ఇ’ ఉంటుంది. ధాతువుకీ తోకకీ మధ్య అది జిగురు. పిలి చివర అది ముందే ఉంది, షష్ఠి పుణ్యాన. కాబట్టి వేరే జిగురు అక్కర్లేకపోయింది. ఒకే అచ్చు ఒక పక్క విభక్తి, ఇంకో పక్క సంధానం. వడ్రంగి రెండు చెక్కల్ని మేకు లేకుండా గాడిలో దిగేసిన పని ఇది.

నాలుగు దగ్గరే ఎందుకు ఆపాడు? సూత్రంలో ఐదోది అస్సిస్, చిల్లిగవ్వ లాంటి ఒక రాగినాణెం పేరు. పిలి పక్కన అది వస్తే ఇ, అ అనే రెండు అచ్చులు ఢీకొని నోరు తడబడుతుంది. చివర సకారం ఉంది, తోక అతకదు. హూయుస్‌దీ అదే జబ్బు. తెరుంకీ చివర రెండు ‘ఇ’లున్నాయి. మొదటి నాలుగు మాత్రమే హల్లుతో మొదలై ఒంటి ‘ఇ’తో ముగుస్తాయి. కోయాల్సిన చోటే కోశాడు. రాతలో ఫలితం కూడా చూడదగ్గది. 29 లెటర్లలో 9 సార్లు ఐ ఉంది. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వాడే ఈ అనే లెటరు ఒక్కసారి కూడా లేదు.

పలుకులో ఇది 12 అక్షరాలు. ఇక్కడ తెలుగువాళ్లకి ఒక సుఖం ఉంది. ఇంగ్లీషు చదువరి నిఘంటువు తెరిచి చుక్కలు చూసి ఎక్కడెక్కడ విరవాలో నేర్చుకోవాలి. తెలుగు లిపిలో రాస్తే విరుపులు రాతలోనే ఉంటాయి: ఫ్లా, క్సి, నా, సి, ని, హి, లి, పి, లి, ఫి, కే, షన్. ఒక్కచోట మాత్రం మన లిపి వాళ్ల విరుపుతో ఏకీభవించదు. వాళ్లు ఫ్లాక్ అని ఆగి సి అంటారు. మనం కకారాన్ని కింది గూటికి తోసి క్సి అని సంయుక్తం చేస్తాం. విరుపుల మీద వాళ్లలో వాళ్లకూ ఒక తగువుంది. అమెరికా నిఘంటువులు శబ్దాన్ని బట్టి విరుస్తాయి కాబట్టి పిల్ అని ఆపి ఇ అంటాయి, ఊనిక పడిన పొట్టి అచ్చు పక్కన హల్లును కట్టేసి ఉంచడం వాళ్ల పద్ధతి. బ్రిటిష్ పద్ధతి మాట పుట్టుకను గౌరవిస్తుంది, పిలి చెడకుండా ఉండాలంటుంది. పేజీ అంచున మాట విరిగినప్పుడు తప్ప ఈ తగువుతో ఎవరికీ పని లేదు. అయినా నా మొగ్గు బ్రిటిష్ వైపే. వెంట్రుకను మధ్యలో చీల్చడం ఎందుకు?

క్సి సంగతి ఇంకొంచెం చెప్పాలి. రోమన్ల నోట సి అనే లెటరు ఎప్పుడూ కకారమే, కాబట్టి ఫ్లొక్కి, నౌకి. ఇంగ్లండు బడుల్లో మాత్రం ఐ, ఈల ముందు అది సకారమైంది. జంట సి వస్తే మొదటిది క, రెండోది స. యాక్సిడెంట్, వ్యాక్సిన్, సక్సెస్ మనం పలికేది ఆ లెక్కనే. అందుకే ఫ్లాక్సి, ఒంటి సి ఉన్నచోట నాసి. నిఘంటువుల వరస ఇదే అయినా ఫ్లాసి అనేవాళ్లూ ఉన్నారు. వడలిపోయినదనే అర్థమున్న ఫ్లాక్సిడ్ అనే మాట కూడా ఇప్పుడు చాలామంది నోట ఫ్లాసిడ్ అయిపోయింది, కాబట్టి వాళ్లని తప్పుపట్టలేం. ని దగ్గర కూడా రెండు దారులున్నాయి. కొందరు ని అంటారు, కొందరు నై. పాత ఇంగ్లండు బడి ఉచ్చారణలో లాటిన్ మాటలోని ఐ అనే లెటరు చాలాచోట్ల, ముఖ్యంగా చివర, ‘ఐ’గానే పలికేది, పూర్వ విద్యార్థుల్ని అలమ్నై అంటున్నట్టు. ఆ లెక్కన పిల్లలు చదివింది ఫ్లాక్సై, నాసై, నైహిలై, పైలై. సమాసంలో ఇరుక్కున్నాక ఆ ‘ఐ’లన్నీ ముడుచుకుని ‘ఇ’లయ్యాయి. నై అనేవాళ్ల నోట ఒక్క చోట ఆ బడి గొంతు ఇంకా మిగిలింది.

ఇక ఊనిక. తెలుగులో మాటకు అర్థాన్నిచ్చే ఊనిక లేదు. అందుకే మనం ఇంగ్లీషు మాటల్ని సమతలంగా చదువుకుంటూ పోతాం. ఇంగ్లీషు చెవికి అలా చదివితే మాట గుర్తుపట్టడమే కష్టం. షన్‌తో ముగిసే మాటల్లో ప్రధాన ఊనిక దాని ముందరి అక్షరం మీద పడుతుంది. విలిఫై అన్నప్పుడు బరువు వి మీద, విలిఫికేషన్ అనగానే కే మీదికి జరుగుతుంది, వి దగ్గర నీడలాంటి చిన్న ఊనిక మిగులుతుంది. మన మాటలోని పిలిఫికేషన్‌కి విలిఫికేషన్‌తో అచ్చంగా ప్రాస కుదురుతుంది. అంటే చివరి ఐదక్షరాలూ ఇంగ్లీషు చెవికి ముందే పరిచయమైన బాణీ. వింతంతా ముందర ఉంది, తోక ఇంటి మనిషిలా ఉంది.

ప్రధాన ఊనిక పదకొండో అక్షరం దాకా రాదు. దానికి ముందు ఫ్లా, నా, ని, పి మీద నాలుగు చిన్న ఊనికలు. ఊనిక ఉన్నచోట గురువు, లేనిచోట లఘువు అనుకుని గణవిభజన చేస్తే ఇలా తేలుతుంది: ఫ్లాక్సి గలం, నాసి గలం, నిహిలి భగణం, పిలిఫి భగణం, కేషన్ మళ్లీ గలం. మన మాత్రల లెక్కలో ని, పి లఘువులే, షన్ గురువే. ఇక్కడ ఊనికనే కొలబద్దగా పట్టుకుంటున్నాను, ఛందస్సు తెలిసినవాళ్లు మన్నించాలి. మొదటి మూడు గణాల హద్దులూ లాటిన్ మాటల హద్దులూ సరిగ్గా ఒకటే. నాలుగోదాంట్లో పిలి రెండక్షరాలే కదా, తోకలోంచి ఫిని లాక్కుని నిహిలికి జోడీ అయింది. రెండు పొట్టి అడుగులు, రెండు బారు అడుగులు, ఆగడానికి ఒక పొట్టి అడుగు. లాటిన్ హెక్సామీటర్ పాదం ముగిసేదీ ఇలాంటి అడుగులతోనే, ఒక బారు, ఒక పొట్టి. లాటిన్ పద్యాలు బట్టీ పట్టిన చెవికి ఇది యాదృచ్ఛికంగా తోచి ఉండదు.

తెలుగు చెవికి ఇంకో సరదా. గలం సూర్యగణం, భగణం ఇంద్రగణం. మూడు సూర్యులు, రెండు ఇంద్రులు: ఆటవెలది బేసి పాదానికి కావలసిన సరుకు అదే, తేటగీతికి కావలసిందీ అదే. వరస మాత్రం రెంటికీ కుదరదు. ఆటవెలది మూడు సూర్యులతో మొదలవుతుంది, తేటగీతి ఒక్కడితో. ఇది ఇద్దరితో మొదలై రెంటికీ మధ్యన నిలబడింది. నాలుగో గణం మొదట యతి చూస్తే ఫకు ప హల్లు మైత్రి కుదిరింది, ఆకు ఇ అచ్చు కుదరలేదు. పద్యం తప్పింది, కొద్దిలో.

మిగతా పొడవాటి మాటలతో పోల్చి చూడండి. చర్చికీ ప్రభుత్వానికీ ముడి తెంపడాన్ని వ్యతిరేకించే వాదానికి యాంటీడిసెస్టాబ్లిష్‌మెంటేరియనిజం అని పేరు, 28 లెటర్లు. ముందు ముక్క వెనక ముక్కను కొట్టేస్తూ పోతుంది, చివరికి ఎటు వైపున్నామో మర్చిపోతాం. ఊపిరితిత్తుల జబ్బు పేరుగా చెప్పే 45 లెటర్ల న్యూమొనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కనోకోనియోసిస్‌ని 1935లో అమెరికా పజిల్ సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ పొడవు కోసమే తయారు చేశాడు. అది వస్తువుల జాబితా. అందులోంచి ఒక ముక్క తీసేసినా, ఇంకోటి చేర్చినా తేడా పడదు. ఫ్లాక్సినాసి అలా కాదు. దానికి సాక్షి నవలాకారుడు సర్ వాల్టర్ స్కాటే. 1829లో తన దినచర్యలో ఈ మాట రాస్తూ నౌకి బదులు పౌకి పెట్టాడు. పౌకి అంటే కొద్ది. అర్థానికి అంత నష్టం లేదు, అందరికీ తెలిసిన మాట కూడా. కానీ నౌకి, నిహిలి అనే రెండు నకారాల వరస పోయింది, మూడో అడుగుకు ఆసరా పోయింది. స్కాట్ అంతటివాడు తాకినా మాట ఒప్పుకోలేదు. అంతకుముందు 1816లో కవి రాబర్ట్ సదే సరిగానే రాశాడు, నిఘంటువులూ నౌకినే నిలబెట్టాయి.

వాడినవాళ్ల కథ త్వరగా ముగించవచ్చు. 2012లో బ్రిటిష్ పార్లమెంటులో దీన్ని పలికిన ఎంపీ జాకబ్ రీస్-మాగ్ చదివింది ఈటన్‌లోనే. మన దేశంలో దీన్ని జనం నోట వేసింది శశి థరూర్. 2018లో ప్రధాని మీద రాసిన తన పుస్తకం ఉత్త తృణీకరణ కాదని, అంతకు మించిందని చెప్పడానికి ఈ మాట వాడితే, వేలమంది నిఘంటువులు వెతికారు. 2021 మే నెలలో కోవిడ్ మందుల పేర్లు నోరు తిరగడం లేదని, వీటి వెనక థరూర్ హస్తం ఉందేమోనని అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్ ట్విట్టర్‌లో చమత్కరించారు. నేరం నాది కాదు, మీరు నన్నింత చిన్నచూపు చూస్తారా అంటూ థరూర్ మళ్లీ ఇదే మాట విసిరారు. పొడవు చూపించడానికే వాడి ఉంటారనుకుంటాం గానీ, రెండుసార్లూ అర్థం అతికినట్టు సరిపోయింది. మాటను అలంకారంగా తగిలించుకోవడం వేరు, పనిలో పెట్టడం వేరు. థరూర్‌ది రెండోది.

పలకడం నేర్చుకోవాలంటే ముందు నుంచి మొదలుపెట్టకండి. భాషలు నేర్పేవాళ్లు వాడే పాత కిటుకు, వెనక నుంచి కట్టుకురావడం. కేషన్. ఫికేషన్. పిలిఫికేషన్. ఇక్కడిదాకా విలిఫికేషన్ బాణీయే. తర్వాత నిహిలి ముందు పెట్టి, నిహిలి-పిలిఫికేషన్. నాలుక తొట్రుపడేది ఇక్కడే, రెండు ‘లి’లు దగ్గరపడి ఒకదాన్నొకటి మింగేస్తాయి, నిహిపిలి అయిపోతుంది. పి మీద కాస్త నొక్కితే పక్కకు జారదు. అది దాటితే నాసి, ఫ్లాక్సి వాటంతటవే వస్తాయి.